గొర్ల తొట్టి నీళ్ళు

జీపు కామారెడ్డిలో చాయ కోసం ఆగినప్పుడు నగేశ్ ఒక్కడే దిగి వెళ్ళి రెండు పూల పొట్లాలు కొనుక్కొచ్చాడు. పోయిన వారం కథ అక్కడ ఆగింది. చామంతులు, కనకాంబరాలు కలిపి కట్టిన మాలలు. ఒకటి పెద్దబిడ్డ సింధూజకు, ఒకటి చిన్నబిడ్డ స్నిగ్ధకు.

సింధూజ పోయి ఏడాది దాటింది. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. పదేళ్ళుగా సౌదీ ఎడారిలో గొర్ల మంద దగ్గర ఉన్నాడు. పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండేది. చెప్పినా రాలేని మనిషికి చెప్పి లాభమేమిటని అన్న గంగారాం అన్నాడు. అందరూ సరేనన్నారు. అక్కాచెల్లెళ్ళ గొంతులు ముందు నుంచీ ఒకే తీరు. పక్కింటివాళ్ళే పొరబడేవారు. అందుకని ఫోను వచ్చినప్పుడల్లా స్నిగ్ధే మొదట అక్కలా, తర్వాత తనలా మాట్లాడుతూ వచ్చింది. అతనిది చిన్న ఫోను. మాట వినిపించేది, ముఖం కనిపించేది కాదు.

శంషాబాద్‌లో తండ్రిని చూసిన క్షణం నుంచి స్నిగ్ధ నోరు విప్పలేదు. కామారెడ్డిలో తన పొట్లం తాను అందుకుంది. రెండోది నగేశ్ ఒడిలోనే ఉంచుకున్నాడు. ఎల్లారెడ్డి వచ్చేదాకా జీపులో ఎవరూ ఆ పొట్లం వైపు చూడలేదు.

ఇల్లు అతనికి కొత్త. అతను వెళ్ళేనాటికి వాళ్ళు నాగిరెడ్డిపేట దగ్గర ఊళ్ళోనే ఉండేవారు. పిల్లల చదువుల కోసం రాజమణి ఎల్లారెడ్డిలో రెండు గదులు కిరాయికి తీసుకుని, బీడీలు చుడుతూ నెట్టుకొచ్చింది. జీపు దిగి నగేశ్ వరసగా ఉన్న తలుపులను చూస్తూ నిలబడ్డాడు. ఏ తలుపు తనదో అడగడానికి మొహమాటపడ్డాడు. రాజమణి ముందు నడిచింది. అతను వెనక నడిచాడు.

గడప ముందు బకెట్, చెంబు పెట్టారు. అతను సగం చెంబు నీళ్ళతో రెండు కాళ్ళూ కడుక్కుని మిగిలిన సగం మళ్ళీ బకెట్లో పోశాడు. గంగారాం భార్య భూమక్క నవ్వింది.

"నీళ్లకు కరువేం లేదు మరిదీ, మంచిగ పోసుకో. ఈ యేడు వానలకు నీళ్లే మనల్ని కడిగిపోయినయ్."

అని, ఇంకా చెప్పని చావు కబురు గుర్తొచ్చినట్టు కొంగుతో మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. రాజమణి తల ఎత్తలేదు.

చూడ్డానికి వచ్చిన, ఈ మధ్యే పక్కింట్లో దిగిన మంగవ్వకు ఇదంతా తెలియదు. ఆమెకు తెలిసింది అతని చేతిలో ఒక్క సంచే ఉందని. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఇంట్లో తాళ్ళతో కట్టిన డబ్బా విప్పుతుంటే చూడాలని ఆమె ఆశ.

"ఏంది నాయనా, గంత దూరం పోయి ఉత్త సంచితోనే వస్తివా? ఒక సెంటు సీస గూడ లేదా?"

"గొర్రెను తెద్దామనుకున్న అవ్వా. ఇమానంల ఎక్కనియ్యలే."

మంగవ్వ గట్టిగా నవ్వింది. నగేశ్ కూడా నవ్వాడు. పళ్ళు రెండు ఊడిపోయి ఉన్నాయి. ఆ నవ్వు రాజమణికి తెలియని మనిషిది. ఆమె వంటగదిలోకి వెళ్ళి అన్నం గిన్నె మూత తీసి, ఏమీ చేయకుండా మళ్ళీ పెట్టింది.

అన్నం తిన్నాకే చెప్పాలన్నది గంగారాం పెట్టిన కట్టు. చావు కబురు విన్న మనిషి వెంటనే నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. ఆ తర్వాత ఆ పూట ముద్ద దిగదు. అందుకని ముందు కడుపు నిండాలి. అంతదాకా సింధూజ ఊసు వస్తే, కామారెడ్డి హాస్టల్లో ఉంది, పరీక్షలని చెప్పాలి. ఆ మాట ఎవరు చెప్పాలో, ఎలా చెప్పాలో రెండు రోజులు కూర్చుని అనుకున్నారు. భూమక్క చెబుతానంది. తన ముఖంలో అయితే తేడా కనిపించదని ఆమె ధీమా.

నగేశ్ అడగలేదు.

గదిలో ఫ్యాను కింద పీట వేస్తే వద్దని, తలుపు దగ్గర బయటికి ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. పప్పు, వంకాయ కూర, చివర పెరుగు. కంచంలో ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. సదాశివనగర్ అత్తగారివాళ్ళ గురించి అడిగాడు. ఇంటి కిరాయి ఎంతని అడిగాడు. స్నిగ్ధ ఏ కాలేజీ అని అడిగితే రాజమణి జవాబు చెప్పింది. పెద్దబిడ్డ పేరు మాత్రం రాలేదు. రాకపోయేకొద్దీ, సిద్ధం చేసుకున్న అబద్ధం అందరి నోళ్ళలో బరువెక్కింది. భూమక్క రెండుసార్లు ఉత్తినే దగ్గింది.

స్నిగ్ధ గోడకు ఆనుకుని కూర్చుంది. పూల పొట్లం ఒడిలో అలాగే ఉంది. దారం విప్పలేదు.

నగేశ్ కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. గంగారాం కూడా లేచి బయట నల్లా కింద బకెట్ పెట్టి తిప్పాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు ఇల్లంతా వినిపించింది. రాజమణి గోడ పట్టుకుంది. ఆ చప్పుడు ఆగిన తర్వాత గంగారాం నోరు తెరుస్తాడు. ఏడాదిగా ఆమె భయపడింది ఆ చప్పుడు గురించే.

నగేశ్ బకెట్ వైపు చూశాడు.

"అన్నా, ఆ నీళ్లెందుకు?"

"తానం చెయ్ తమ్మీ. పదేండ్ల దుమ్మున్నది ఒంటిమీద."

"నా తానం అయింది."

"ఎప్పుడు జేసినవ్? పొద్దుగాల ఇమానం దిగి సీద గీడికే వస్తివి గదా."

"పోయినేడు బతుకమ్మకు జేసిన."

గంగారాం చెయ్యి నల్లా మీదే ఉంది. బకెట్ నిండి నీళ్ళు అంచు మీది నుంచి కారుతున్నాయి. నగేశే వెళ్ళి నల్లా కట్టేశాడు.

"నీళ్లు గట్ల ఇడువకన్నా," అన్నాడు.

తర్వాత అక్కడే, బకెట్ పక్కన నేల మీద కూర్చుని చెప్పాడు. మందను గురించి చెబుతున్నట్టు, ఒక మాట తర్వాత ఒకటి చెప్పాడు. పోయిన ఏడు ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఫోను చేశాడట. అక్కడ ఒక ఇసుక తిన్నె ఎక్కితే తప్ప ఫోను కలవదు. ముందు సింధు మాట్లాడింది. బతుకమ్మ పేర్చారా అని అడిగితే, పేర్చాం బాపూ, నా నడుము ఎత్తు పేర్చాం అంది. తర్వాత స్నిగ్ధ మాట్లాడింది. ఆమెనూ అదే అడిగాడు. తండ్రికి వేరే అడగడానికి ఏముంటుంది? స్నిగ్ధ కొంచెం ఆగి, ఈసారి మన ఇంట్లో పేర్వలేదు బాపూ అంది.

రాజమణి కూతురి వైపు చూసింది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. అక్క గొంతుతో అబద్ధం చెప్పినంత తేలిగ్గా ఆ పిల్ల తన సొంత గొంతుతో చెప్పలేకపోయింది. ఫోను పెట్టేసిన తర్వాత కూడా అది తప్పని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"బతుకమ్మ పేర్వని ఇల్లు ఎట్లాంటి ఇల్లో నాకు తెల్వదా?" అన్నాడు నగేశ్. "ఏడాది లోపల పీనుగ ఎల్లిన ఇల్లు. ఎవరు పోయిండ్రని ఒక్కొక్కరిని లెక్క వెట్టుకున్న. నీతోని మాట్లాడిన, రాజమణితోని మాట్లాడిన, వదినెతోని మాట్లాడిన. అందరున్నరు."

మళ్ళీ శుక్రవారం ఫోను చేసి, బిడ్డలిద్దరినీ ఫోను దగ్గరికి రమ్మని, ఇద్దరినీ ఒక్కసారి నవ్వమన్నాడట.

"ఒక్కరే నవ్విండ్రు," అన్నాడు.

భూమక్క కొంగు నోట్లో కుక్కుకుంది. స్నిగ్ధ చేతివేళ్ళు పొట్లం దారం చుట్టూ బిగిశాయి.

"తిన్నె దిగి పోయి గొర్ల తొట్టిల నీళ్లు రెండు డబ్బలు నెత్తిమీద పోసుకున్న. అక్కడి పెద్దమనిషి తిట్టిండు. ట్యాంకర్ నీళ్లు గొర్లకే చాలుతలేవు, నీకు తానమా అని. ఎందుకు పోసుకున్ననో వానికి నేనేం చెప్తా."

గంగారాం గోడకు చేరబడి కూర్చున్నాడు. పెద్దమనిషి అని ఊళ్ళో పేరున్నవాడు. పంచాయితీల్లో నలుగురికీ చెప్పేవాడు. తెలిసినోడివి ఎందుకు చెప్పలేదురా అని అడిగాడు. అడిగిన గొంతులో కోపం లేదు. తన భారం దించి పెట్టే చోటు కోసం చూస్తున్నాడు.

"చెప్తే ఏమైతది? మీరు నిజం చెప్తరు. తెల్లారి నుంచి సింధు ఫోన్ల మాట్లాడదు." నగేశ్ బకెట్ అంచున కారిన నీళ్ళు చేత్తో తుడిచాడు. "నాకు తెలుసు అది చిన్నదే అని. అయినా శుక్రారం వచ్చిందంటే, సింధుకు ఇయ్యుండ్రి అందునా లేదా?"

ఆ మాటకు రాజమణి కళ్ళు మూసుకుంది.

భర్త గుండె పగులుతుందని దాచామని ఏడాదిగా అందరికీ చెప్పింది. తనకు తానూ చెప్పుకుంది. కానీ శుక్రవారం స్నిగ్ధ ఫోను పట్టుకుని మాట నిదానం చేసి, బాపూ తిన్నవా అని అడుగుతుంటే, తలుపు అవతల బీడీ ఆకు చేతిలో అలాగే పట్టుకుని తానూ వినేది. ఫోను అయిపోయాక తిరిగి కత్తెర పట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. అతను అక్కడ, తను ఇక్కడ. ఇద్దరి నడుమా ఆ పిల్లను నిలబెట్టి, చచ్చినదాన్ని వారం వారం పిలిపించుకున్నారు. ఆ పిల్ల ఒక్కనాడు కూడా వద్దనలేదు. స్నిగ్ధ తన అక్క కోసం ఎప్పుడు ఏడ్చిందో రాజమణి గుర్తు చేసుకోబోయింది. గుర్తుకు రాలేదు.

నగేశ్ కూతురి ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"అక్క నిదానం మాట్లాడుతది. నువ్వు నడుమ నడుమ మర్సిపోయేదానివి," అన్నాడు. "మస్తు కష్టపడ్డవ్ బిడ్డా. ఇగ సాలు. ఇప్పుడు నీ గొంతుతోని ఒక్క మాట మాట్లాడు."

స్నిగ్ధ పెదవులు కదిలాయి. మాట రాలేదు. తండ్రి ముఖాన్ని కాకుండా అతని చెవినే చూస్తోంది.

అతను చాలాసేపు కాచుకున్నాడు. తర్వాత లేచి అన్న వైపు తిరిగాడు.

"కామారెడ్డిల రెండు పొట్లాలు ఎందుకు కొన్నవని మీరడుగలే. ఒక్కటే కొంటే, ఆ రోడ్డు మీద డ్రైవరు ముంగట, నాకు తెలిసిందని మీకు తెలుస్తది. అది ఇంట్ల తెల్వాలె అనుకున్న." కిటికీలో పెట్టిన రెండో పొట్లం తీసుకున్నాడు. "ఎక్కడ వెట్టిండ్రు నా బిడ్డను?"

వాళ్ళలో పెళ్ళికాని పిల్లలను కాల్చరు, పూడుస్తారు. అది నగేశ్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడన్నదే అడుగుతున్నాడు.

గంగారాం రాజమణి వైపు చూశాడు. రాజమణి నేల వైపు చూసింది.

"మన పొలంల, వాగు గడ్డకు," అన్నాడు గంగారాం చివరికి. "మీద మూడు రాళ్లు వెట్టిన. ఇయ్యాల వద్దు తమ్మీ. అలిసినవ్. రేపు పొద్దుగాల పోదాం."

"పదేండ్లు రేపనే అన్న," అని నగేశ్ చెప్పులు తొడుక్కున్నాడు.

ఆటోలో నలుగురూ వెళ్ళారు. భూమక్క ఇంట్లోనే ఉండిపోయింది. నాగిరెడ్డిపేట దారిలో వానలకు కోసుకుపోయిన చోటల్లా కంకర పోసి వదిలేశారు. కరెంటు స్తంభాలు కొన్ని ఇంకా ఒరిగే ఉన్నాయి. నగేశ్ ఇవన్నీ చూస్తూ కూర్చున్నాడు. పొలం ఎట్లుందని ఒకసారి అడిగాడు. ఇసుక మేట వేసిందని, ఈ పంట పోయిందని గంగారాం చెప్పాడు. అంతకుమించి చెప్పలేదు.

రాజమణి చీర కొంగును చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. సింధూజను పూడ్చిననాడు ఆడవాళ్ళు వెళ్ళలేదు. మూడో నాడు అన్నం పట్టుకుని పిట్టకు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆమె ఆ చోటు చూసింది. వాగు మలుపు తిరిగే దగ్గర కొంచెం ఎత్తు గడ్డ, మూడు రాళ్ళు, పక్కన తుమ్మ చెట్టు. స్నిగ్ధ అప్పుడు రాలేదు. అక్కను తీసుకుపోయిన జ్వరమే చెల్లెలికీ వచ్చి, సదాశివనగర్‌లో అమ్మమ్మ ఇంట్లో మంచం మీద ఉంది. ఆ తర్వాత కూడా ఆ పిల్లను ఎవరూ అక్కడికి తీసుకెళ్ళలేదు.

ఈ ఏడు వానలకు పోచారం ప్రాజెక్టు అలుగు ఎన్నడూ లేనంత పారింది. నీళ్ళు తగ్గాక రాజమణి, గంగారాం వెళ్ళి చూస్తే గడ్డ లేదు. తుమ్మ చెట్టు లేదు. అవి ఉన్న చోట వాగే పారుతోంది, ఎర్రగా, వెడల్పుగా. గంగారాం చాలాసేపు నిలబడి, ఈ ముచ్చట మనిద్దరి దగ్గరే ఉండనీ అన్నాడు. రాజమణి ఆ మాటా దాచింది. దాచడం అప్పటికి అలవాటైపోయింది.

పొలంలో వరి లేదు. ఇసుక పరుచుకుని, ఎండకు తెల్లగా మెరుస్తోంది. నగేశ్ గట్టు మీద ఆగిపోయాడు. ఇసుకను చూసి అతని ముఖం ఒక రకంగా మారింది. ఇంటికి వచ్చానని నమ్మి కళ్ళు తెరిస్తే మళ్ళీ అక్కడే ఉన్న మనిషిలా చుట్టూ చూశాడు. వంగి చేత్తో ఇసుక తీసుకుని, నలిపి, వదిలేశాడు.

"ఏడ?" అన్నాడు.

గంగారాం చెయ్యెత్తలేదు. వాగు వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. రాజమణి ఒక అడుగు ముందుకు వేసింది. చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పడం తన వల్ల కాదు. నోరు తెరిచేలోపల స్నిగ్ధ వాళ్ళను దాటుకుని నడిచింది. ఇసుకలో చెప్పులు కూరుకుపోతుంటే వాటిని వదిలేసి, నేరుగా వాగు వైపు పొలం అంచుకు వెళ్ళి ఒక చోట ఆగింది. చేత్తో కిందికి చూపించింది.

అక్కడ ఏమీ లేదు. ఎన్నడూ ఏమీ లేదు. ఆ పిల్లకు చోటు తెలియదు. గంగారాం ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది, అంతే. తండ్రికి ఏది కావాలో మళ్ళీ అదే ఇచ్చింది.

నగేశ్ వెళ్ళి ఆమె చూపిన చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పొట్లం విప్పాడు. మాల వాడిపోయి ఉంది. ఇసుక మీద పెట్టబోయి ఆగాడు.

"ఇసుక మీద ఎట్ల వెడ్తా? ఆ మూడు రాళ్లు తేలనీ," అన్నాడు.

మాల పక్కన పెట్టి మోటరు దగ్గరి రేకుల గదిలోంచి పార తెచ్చాడు. ఇసుక తీయడం అతనికి వచ్చిన పని. తొందర లేకుండా, వెనక్కి జారకుండా చుట్టూ వాలుగా తీసుకుంటూ పోయాడు. మోకాలి లోతు తీశాడు. రాయి తగలలేదు. కొంచెం పక్కకు జరిగి మళ్ళీ తీశాడు. ఒక్కోసారి పార ఆపి చేత్తో తడిమేవాడు, మెల్లగా, నిద్రపోతున్న మనిషి దుప్పటి సర్దుతున్నట్టు. కింద తడి ఇసుక వచ్చింది. నీళ్ళు ఊరడం మొదలైంది. అతను ఆపలేదు.

గుంట అంచున నిలబడి స్నిగ్ధ అమ్మ వైపు చూస్తోంది. చెప్పొద్దు అంటోందో, చెప్పు అంటోందో రాజమణికి అర్థం కాలేదు.

ఆమె వెళ్ళి పార కర్ర పట్టుకుంది.

"ఆపయ్యా. గీడ లేదు."

అతను తల ఎత్తలేదు. "జరంత పక్కకున్నట్టుంది. చూస్తున్న గదా."

"పక్కకు గూడ లేదు. పొలంలనే లేదు. వాగు దీస్కపోయింది. గడ్డ, రాళ్లు, అన్ని పోయినయ్. నేను, బావ కండ్లార చూసినం."

పార రాజమణి చేతిలో ఉండిపోయింది. నగేశ్ గుంటలో నీళ్ళ మధ్య నిలబడి ఆమెను చూశాడు. వాగు వైపు చూశాడు. గంగారాం కింద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఏడాది కింద తొట్టి నీళ్ళు పోసుకున్నప్పటి నుంచి ఈ పొద్దు దాకా నగేశ్ ఏడవలేదు. ఇప్పుడూ ఏడవలేదు. ఒక్కటే అడిగాడు. ఎవరినీ కాదు, ముందున్న ఖాళీని.

"మరి నా బిడ్డ ఏడున్నది?"

వెనక నుంచి జవాబు వచ్చింది. నిదానంగా, ఒక్కో మాటా విడిగా, తొణక్కుండా.

"నేను గీడనే ఉన్న బాపూ. నువ్వు తిన్నవా?"

పొద్దున్నుంచీ ఆ పిల్ల పలికిన మొదటి మాట అది. అక్క నిదానాన్ని ఒక్క చోట కూడా మర్చిపోలేదు. రాజమణి వెనక్కి తిరిగి చూసింది. స్నిగ్ధ కళ్ళు తల్లి మీద లేవు, తండ్రి మీద లేవు. రాజమణి పార వదిలేసి చిన్నబిడ్డను రెండు చేతులా పట్టుకుని, పేరు పెట్టి పిలిచి కుదిపింది. ఆ పిల్ల ఆ పేరుకు పలకలేదు.

గుంటలో నగేశ్ కుడి చెయ్యి అతనికి తెలియకుండానే లేచి, ఇసుకతో చెవికి ఆనుకుంది.